కృషీవలుడు మన ఊళ్లె ఉన్నడా?

1949 ఆగస్టు 8, సోమవారం. వేములపల్లి.

ముసురు. బడి పాక ఒక మూల కారుతుంటే పొద్దున్నే నిచ్చెన వేసి తాటాకు మార్చాను.

మిర్యాలగూడ మిల్లులో గుమస్తాగిరి వదిలి రెండు నెలలైంది. రోజూ పద్దు రాయనిదే చేయి ఊరుకోదు. బడిలో జమ అంటే చెప్పిన పాఠం, ఖర్చు అంటే పోయిన పూట. అట్లాగే రాస్తున్నాను.

కోదాడ నుంచి తెలుగు వాచకాల కట్ట వచ్చింది. గోనెసంచి తడిసినా పుస్తకాలు తడవలేదు. నా చిన్నతనంలో ఇవి లేవు. మా మిల్లు సేటు ఇంట్లో పురాణం చదివే అయ్యగారి పక్కన కూర్చుని, ఆయన వేలు ఏ అక్షరం మీదికి పోతే అక్కడికి కన్ను పోనిచ్చేవాణ్ణి. పద్యం ముందే చెవిలో ఉండేది. అక్షరం తర్వాత దొరికేది. నాకు చదువు వచ్చిన దారి అదే. పిల్లలకూ అట్లాగే చెబుతాను. ముందు నోటికి రావాలి.

జమ: ఒక పాఠం.

ఆగస్టు 10, బుధవారం.

ముసురు. పటేలు చెల్లెలి కొడుకు యాదగిరి మూడు పాఠాలు పుస్తకం చూడకుండా అప్పజెప్పాడు. సూర్యాపేట నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చే నాటికి ఇట్లాంటి వాళ్ళు నలుగురైదుగురు ఉంటే చాలు. నాకు సర్టిఫికెట్టు లేదు. బడి నిలిచేదీ నేను నిలిచేదీ ఆ రోజే తేలుతుంది.

ఆగస్టు 17, బుధవారం.

తెరిపి. బావి దగ్గర పిల్లల కోసం కొత్త చేంతాడు కట్టాను.

ఈరోజు 'వర్షాకాలము' పాఠం. "మేఘములు గర్జించెను. మయూరములు నాట్యమాడెను. కృషీవలుడు సంతసించెను." పిల్లలంతా నా వెంట అంటున్నారు. రాగం కుదిరింది. అప్పుడు వెనక వరుసలో ఉప్పలి లేచి నిలబడింది. గొల్ల మంగయ్య కూతురు. బడికి వచ్చే ఆడపిల్లలు ఇద్దరే. ఈమె, జానమ్మ.

"కృషీవలుడంటే ఎవరు సారూ?"

"కర్షకుడు."

"కృషీవలుడు అనగా కర్షకుడు" అని పిల్లలు వల్లె వేశారు.

"కర్షకుడంటే?"

"హాలికుడు."

"కర్షకుడు అనగా హాలికుడు."

ఆమె కూర్చోలేదు. "ఆయన మన ఊళ్లె ఉన్నడా సారూ?"

యాదగిరి పడి పడి నవ్వాడు. "ఉన్నడు. మీ గొర్ల ఎన్క తిరుగుతుండు, పో" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. పాఠం నడిచేటప్పుడు అడ్డు ప్రశ్నలు వేయకూడదని చెప్పి కూర్చోబెట్టాను. తెగిన రాగం మళ్ళీ కుదరడానికి చాలాసేపు పట్టింది.

ఖర్చు: అర పూట.

ఆగస్టు 29, సోమవారం.

ఉప్పలి తప్ప అందరికీ 'వర్షాకాలము' వచ్చింది.

సెప్టెంబరు 7, బుధవారం.

మబ్బు. పొద్దున బడి ముందు గడ్డి పీకాను.

చావడి గోడకు సర్కారు కాగితం అంటించిపోయారు. పటేలు మనిషి వచ్చి నన్ను పిలిచాడు. ఊరు సగం అక్కడే ఉంది. గొల్లలు కర్రలు ఆనించుకుని నిలబడ్డారు. నేను అరుగు ఎక్కి చదివాను.

"గొర్రెలకు వ్యాపించు మశూచి వ్యాధి నివారణార్థము పశువైద్యాధికారి ఈ నెల పదునారవ తేదీన గ్రామమునకు విచ్చేసి టీకాలు వేయును. కాపరులు తమ మందలను చావడి యొద్ద హాజరు పరుపవలెను. ఇందుకు రుసుము లేదు."

ఎక్కడా తడబడలేదు. ఒత్తులు ఒక్కటీ జారలేదు. 

"పురాణం లెక్కనే ఉన్నది పంతులూ" అన్నాడు మంగయ్య. "ఇంతకు అండ్ల ఏమున్నదంటవ్?"

"విన్నారు కదా" అన్నాను.

"ఇన్నం, ఇన్నం" అన్నారు వెనక ఉన్నవాళ్ళు.

మిల్లులో ఉన్నన్నాళ్ళూ నన్ను ఎవరూ పంతులూ అనలేదు.

సెప్టెంబరు 8, గురువారం.

వాన. సిరాబుడ్డి కడిగి నింపాను.

బడి మొదలు కాకముందే ఉప్పలి వచ్చి అంగీ చేయి పైకి లాగి భుజం చూపింది. గుండ్రటి మచ్చలు.

"టీకాలంటే గివ్వేనా సారూ? పోయిన ఎండకాలం టీకాలాయన నన్ను ఉరికిచ్చి పట్టుకొని పొడిచిండు. అమ్మవారు రాకుంటనట. గట్లనే మా గొర్లకు గూడ పొడుస్తరా?"

"ముందు పాఠం అప్పజెప్పు."

మయూరముల దగ్గర ఆగిపోయింది. "నెమళ్లే గద సారూ" అంది. పుస్తకంలో ఉన్నది చెప్పమన్నాను. రాలేదు. వెనక నిలబెట్టాను.

సెప్టెంబరు 14, బుధవారం.

ఎండ. రెండు పలకల చట్రాలు ఊడితే మేకులు కొట్టాను. సాయంత్రం మంగయ్య వచ్చి పోయాడు. కూతురి చదువు సంగతి మాట్లాడాను.

సెప్టెంబరు 16, శుక్రవారం.

ఎండ. పశువుల డాక్టరు సైకిలు మీద పెట్టె కట్టుకుని వచ్చాడు. చావడి ముందు ఒక్క గొర్రె లేదు. గొల్లలంతా తెల్లారకముందే మందలను మూసీ ఏటి దిక్కు తోలుకుపోయారు. మేతకు కట్టే పుల్లరి పన్ను లెక్క కోసం మందలను రమ్మన్నారనుకున్నారట. తల లెక్క పెట్టేవాడు వస్తున్నాడంటే జీవాలను దాచడం వీళ్ళకు తాతల నాటి అలవాటు. డాక్టరు మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చుని, పటేలును నాలుగు మాటలు అని, వెళ్ళిపోయాడు.

అంత స్పష్టంగా చదివి వినిపించాక కూడా ఇట్లా చేస్తే ఎవరేం చేస్తారు? మూర్ఖత్వం.

సెప్టెంబరు 17, శనివారం.

మూర్ఖత్వం అనే రాశాను. అట్లాగే ఉండనీ.

అక్టోబరు 19, బుధవారం.

పొద్దున చలిగాలి. దీపం బుడ్డి తుడిచి వత్తి మార్చాను.

ఉప్పలి మూడు రోజులుగా రావడం లేదు. నా భార్య సుగుణమ్మ బావి దగ్గర విన్న మాట చెప్పింది. గొల్లవాడలో గొర్రెలకు అమ్మవారు పోసిందట. మంగయ్య మందలో మొదలైందట.

"మూతుల నిండ పొక్కులే. పాలు తాగే పిల్లలు ముందుగాల పోతున్నయట" అంది.

అన్నం సగంలో లేచాను. ఒంట్లో బాగా లేదని చెప్పాను.

అక్టోబరు 20, గురువారం.

పాఠం చెప్పలేదు. లెక్కలు చేయించాను.

అక్టోబరు 24, సోమవారం.

చలి. ఈ పొద్దు ఏ పనీ చేయలేదు.

సెప్టెంబరు పద్నాలుగు కింద నేను రాసింది సరి కాదు. పద్దు తప్పు పడితే కొట్టివేయకూడదు, కింద సరైనది రాయాలి అని సేటు నేర్పాడు. రాస్తున్నాను.

ఆ సాయంత్రం మంగయ్య గుమ్మం బయటే నిలబడి అడిగాడు. "పంతులూ, మా పొల్ల గా కాగితం ముచ్చట ఇంకో తీరుగ సెప్తున్నది. జీవాలకు సూదులేస్తరట, అమ్మవారు రాకుంట. పైసలు గూడ అడగరట. మా వోళ్లేమో హాజరు అన్నడంటే అది పుల్లరి లెక్కే, మూసి దిక్కు తోలుదాం అంటున్నరు. నేను ఎటంటే అటే అందరు. ఎవల మాట నమ్మాలె?"

నేను చెప్పింది ఇది. "మీ పిల్లకు ఇంకా చదువు రాలేదు మంగయ్యా. ఒక్క పాఠం కూడా అప్పజెప్పలేదు."

"అట్లనా" అన్నాడు. "సిన్న పొల్ల, దానికేమెర్క" అని తలగుడ్డ దులుపుకుని వెళ్ళాడు.

నేను అబద్ధం చెప్పలేదు.

పై మాట రాసి మళ్ళీ చూసుకున్నాను. అబద్ధం చెప్పలేదు, నిజమే. అతను పిల్ల చదువు గురించి అడగలేదు. కాగితంలో ఏముందని అడిగాడు. దానికి నేను జవాబు చెప్పలేదు. ఎందుకంటే నాకు తెలియదు.

ఈరోజు బడి విడిచాక చావడికి వెళ్ళాను. వానకు కాగితం కింది వరస చెదిరింది, పైది ఉంది. పెదవులు కదపకుండా, ఒక్కో మాట దగ్గర ఆగి చదివాను. అందులో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. మశూచి తెలుసు. నివారణ తెలుసు. టీకా తెలుసు. అన్నీ తెలిసిన మాటలే, ఆ రోజు ఎందుకు తెలియలేదు? అరుగు ఎక్కి చదువుతున్నంతసేపూ నేను విన్నది నా గొంతునే. జనానికి వినబడింది హాజరు అన్న ఒక్క మాట. వాళ్ళు భయపడే మాట కాబట్టి అది ఒక్కటే తలకెక్కింది. అర్థం పట్టుకున్నది తన భుజం తడిమి చూసుకున్న పిల్ల ఒక్కతే.

ఆమెను వెనక నిలబెట్టాను.

నవంబరు 3, గురువారం.

మంగయ్య దొడ్డిలో ఒక్క గొర్రె మిగలలేదని సుగుణమ్మ చెప్పింది.

"ఊరు ఊరంత ఆయన్నే తిడుతున్నది. మంగయ్యనే గద మందలన్నీ మూసి దిక్కు తోలిపిచ్చింది. ఆయన ఇంటామె రేణుకమ్మ బాయికాడికి గూడ వస్తలేదు, ముకం సెల్లక" అంది. తర్వాత నా వైపు చూసి, "నువ్వేమంటవయ్యా?" అని అడిగింది.

"నేనేమంటాను" అన్నాను.

నవంబరు 14, సోమవారం.

మంచు. పాక వెనక గోడకు మట్టి మెత్తాను.

పది రోజులుగా ఒకటే ఆలోచన. శనివారం నాడు పిల్లలకు 'వర్షాకాలము' మళ్ళీ చెప్పి, "ఇంటికి పోయి మీ అమ్మకో అవ్వకో ఈ పాఠం మీ మాటల్లో చెప్పండి. పుస్తకం మాట వద్దు. వాళ్ళు ఏమడిగారో వచ్చి నాతో అనండి" అన్నాను. ఈరోజు అడిగితే మొదట ఎవరూ నోరు విప్పలేదు. ఇంటి మాట బడిలో మాట్లాడితే నేనే ఇన్నాళ్ళూ చెవి మెలిపెట్టాను కదా.

చివరికి యాదగిరి లేచాడు. "మా అమ్మ నవ్వింది సారూ. మయూరమంటే నెమలని సెప్తే, మరి నెమలిని నెమలంటే దానికి కోపమొస్తదా అన్నది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు జానమ్మ మెల్లగా అంది. "మా అవ్వ వేరే అడిగింది సారూ. వాన పడంగనె ఆయన సంబురపడ్డడంటివి, మరి ఇత్తనాలున్నయా ఆయన కాడ అని."

ఈ ప్రశ్న పుస్తకంలో లేదు. జవాబూ లేదు. పిల్లలు ఉన్నాయని కొందరు, లేవని కొందరు పూటంతా వాదించుకున్నారు. ఉంటేనే సంతోషిస్తాడు కాబట్టి ఉన్నాయని ఒకడు తేల్చాడు. ఆ ఒక్క వాక్యాన్ని వాళ్ళు అన్నిసార్లు తిరగేసి చూడడం నేను ఎన్నడూ చూడలేదు. ఎవరికీ రాగం గుర్తు రాలేదు.

ఇట్లా అడిగే పిల్ల నాకు ఆగస్టులోనే ఉండింది.

జమ: ఒక ప్రశ్న. నాది కాదు.

డిసెంబరు 5, సోమవారం.

ఎండ. బడి అలికించి ముగ్గు పెట్టించాను.

సూర్యాపేట నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చారు. యాదగిరి 'వర్షాకాలము' అప్పజెప్పాడు. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. "భేష్. ఉచ్చారణ బాగుంది" అన్నారు. జానమ్మ ఒక మాట అడుగుతుందండీ, వినండి అన్నాను. ఆయన గడియారం చూసుకుని, "ఇంకా గరిడేపల్లి పోవాలి. మీ పద్ధతి బాగుంది, ఇట్లాగే సాగించండి" అని వెళ్ళారు.

బడి ఉంటుంది. నేనూ ఉంటాను.

డిసెంబరు 6, మంగళవారం.

"నౌకరి నిలవడ్డది. పండుగ చేసుకోవాలె గాని, ముకం గట్ల వెట్టుకున్నవేంది?" అంది సుగుణమ్మ. చెప్పాను. సెప్టెంబరు నుంచి అంతా చెప్పాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ విన్నది. "నాకు సెప్పి ఏం లాభం? సెప్పాల్సిన ఇల్లు ఇది గాదు" అంది.

డిసెంబరు 11, ఆదివారం.

వెళ్ళలేదు.

డిసెంబరు 18, ఆదివారం.

చలి. ఇంట్లో నీళ్ళు తోడి పెట్టి మంగయ్య ఇంటికి వెళ్ళాను.

దొడ్డిలో పెంట కూడా లేదు. ఊడ్చి అమ్మేశారు. మంగయ్య వాకిట్లో మూటలు కడుతున్నాడు. ఎల్లుండి కోదాడ ఆవల మిరప తోటలకు కూలికి పోతున్నారట, ఇంటిల్లిపాదీ. నేను నిలబడే చెప్పాను. కాగితంలో మీ పిల్ల చెప్పిందే ఉంది, నాకు అర్థం కాలేదు, కాలేదని చెప్పుకోలేక పిల్లకు చదువు రాదన్నాను అని.

అతను ముడి వేస్తున్న తాడు వదల్లేదు. కోప్పడతాడని చూశాను. కోప్పడితే బాగుండేది.

"చావడి కాడ అందరికీ చెబుతాను మంగయ్యా. తప్పు నీది కాదని."

"సెప్తే? జీవాలొస్తయా?"

 ముడి బిగించి అతనే తల ఎత్తాడు.

"ఒక్కటి సెప్పు పంతులూ. అంటే, మా పొల్లకు సదువు వచ్చిందన్నట్టేనా?"

"వచ్చింది. అప్పటికే వచ్చింది."

మంగయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "నీ కాడికెళ్లి పోయినంక దాన్ని కొట్టిన. పంతులే రాలేదంటుంటే నాకు అబద్దాలు సెప్తవా అని. మల్ల అది గా కాగితం మాటెత్తలే" అన్నాడు.

పిల్లను మా ఇంట్లో ఉంచి పొమ్మన్నాను. సుగుణమ్మ కూడా ఆ మాటే చెప్పి పంపిందన్నాను.  "నిరుడైతే ఉంచుదును. ఇప్పుడు మిరప కాడ దానిది గూడ ఒక చెయ్యి" అన్నాడు.

ఉప్పలి లోపలే ఉంది. బయటికి రాలేదు.

డిసెంబరు 19, సోమవారం.

చావడి దగ్గర చెప్పాను. విని ఎవరి దారిన వాళ్ళు పోయారు. పటేలు మాత్రం "గవన్ని ఇప్పుడెందుకు పంతులూ" అన్నాడు.

డిసెంబరు 20, మంగళవారం.

మంచు. బడి ముందు ఊడ్చి నీళ్ళు చల్లాను. పిల్లలు ఇంకా రాలేదు, ఇప్పుడే రాస్తున్నాను.

ఇందాక ఉప్పలి వచ్చింది. పలక బడిది కదా, ఇచ్చిపోవడానికి. మంగయ్య, రేణుకమ్మ మూటలు దించి బాట మీద నిలబడ్డారు.

ఆమె పలక వెంటనే ఇవ్వలేదు. వెనక వరుసలో తన చోటికి పోయి, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. "మేఘములు గర్జించెను. మయూరములు నాట్యమాడెను." చివరి దాకా చెప్పింది. ఒక్క మాట తప్పలేదు. ఎక్కడా ఆగలేదు. రాగం నాదే.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"యాదగిరి సెప్పిండు సారూ. దినాం బాయికాడ. అప్పజెప్తేనే సదువొచ్చినట్టంటిరి గద."

"ఉప్పలీ, కృషీవలుడంటే ఎవరు?"

"కర్షకుడు."

"కర్షకుడంటే?"

"హాలికుడు."

ఇంకేమైనా అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. బాగా చెప్పానా అన్నట్టు నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

చేయి పట్టుకుని గుమ్మం దగ్గరికి తీసుకుపోయాను. ఎదుటి మడిలో ముసలి పాండు యాసంగి దుక్కి దున్నుతున్నాడు. మంచులో ఎడ్లు సగమే కనబడుతున్నాయి. "అడుగో, కృషీవలుడు" అన్నాను.

"పాండు తాతనా?"

"అవును."

"గంతేనా సారూ?"

"అంతే."

చాలాసేపు అటే చూసింది. చూస్తూ ఉండగా కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి. ఆగస్టులో లేచి నిలబడినప్పుడు ఉన్న ముఖం అది.

"మరి మొన్నటి వానలకు పాండు తాత సంతసించలే గద సారూ? మడి కొట్టుకపోయిందని గట్టు మీద కూసోని ఏడ్సె. పుస్తకమాయన ఎందుకు సంతసించిండు?"

నేను నోరు తెరిచేలోగా రేణుకమ్మ "జల్ది రా బిడ్డా, పొద్దెక్కుతున్నది" అని కేక వేసింది. ఉప్పలి పలక నా చేతిలో పెట్టి ఉరికింది. మూటల్లో చిన్నది నెత్తిన పెట్టుకుంది. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, నన్ను కాదు, పాండును.

పలక అరుగు మీద ఉంది. పిల్లలు వచ్చేలోగా కడిగి గూట్లో పెట్టాలి. చెంబుతో నీళ్ళు కూడా తెచ్చాను. ముందు పోయి ఉప్పలి అడిగిన మాట పాండును అడిగి వస్తాను.